తరాజులో ఏ పళ్లెంలో ఎవరున్నారు? దేశ భద్రత, పౌరస్వేచ్ఛలపై తరగతిలో వచ్చిన ప్రశ్న

ప్రశ్న: పౌరశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను ఒక జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధిస్తాను. గత వారం ప్రాథమిక హక్కుల పాఠంలో, 19వ అధికరణం ఒక చేత్తో ఇచ్చిన స్వేచ్ఛలకు మరో చేత్తో సహేతుకమైన పరిమితులను ఎందుకు పెట్టిందో వివరించాను. ఆ తరువాత, ప్రజాస్వామ్యంలో దేశ భద్రతకూ పౌరస్వేచ్ఛకూ మధ్య సమతూకం ఉండాలని, ప్రతి సంవత్సరం చెప్పే మాటనే ఈసారీ చెప్పాను. ములుగు జిల్లా తాడ్వాయి మండలం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి లేచి, "సార్, తరాజుకు రెండు పళ్లాలుంటయి గదా, ఒకదాంట్ల ఎవర్ని పెడ్తరు, ఇంకోదాంట్ల ఎవర్ని పెడ్తరు?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కుంటుండగానే వెనుక వరుసలోని అబ్బాయి, "మా పెద్దబాపు మందుపాతర పేలి చనిపోయిండు సార్, కానిస్టేబులుగ చేసేటోడు, ఆయన ఏ పళ్లెంల ఉండె?" అన్నాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. మరుసటి వారం చెబుతానని మాట ఇచ్చి బయటికి వచ్చాను.

మన ప్రాంతంలో ఇది పాఠ్యపుస్తకంతో ముగిసే ప్రశ్న కాదు. 1985 సెప్టెంబరు 2న కాజీపేటలో ఎస్సై యాదగిరిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపారు. మరునాడు ఆయన అంతిమయాత్ర సాగుతున్న సమయంలోనే, పిల్లల వైద్యుడూ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడూ అయిన డాక్టర్ రామనాథం తన క్లినిక్‌లో తుపాకీ గుళ్లకు బలయ్యారు. అంతిమయాత్రలో నడుస్తున్న పోలీసులే లోపలికి వచ్చి కాల్చారని పౌరహక్కుల సంఘం నాటినుంచీ చెబుతున్నది. ఒక్క రోజు తేడాతో జరిగిన ఈ రెండు హత్యలలో మన నగరంలో ఒక్కొక్కరు ఒక్కొక్కదాన్ని మాత్రమే తలచుకుంటారు. రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పిన పెద్దలను నేను ఎక్కువమందిని చూడలేదు, ఆ లోటే నా పాఠంలోకి కూడా వచ్చిందేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఇంకా వెనక్కి పోతే, అనుమతి లేకుండా సభ పెట్టకూడదన్న నిజాం కాలపు గస్తీ నిషాన్ 53 ఉన్నది. ఆ పాలనలో జైలుకు వెళ్లిన కాళోజీ, స్వతంత్ర భారతంలో 1977లో, ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్లపై నిజనిర్ధారణ జరిపిన తార్కుండే కమిటీలో సభ్యుడు కావలసి వచ్చింది. ఇటీవలి సంగతి చూస్తే, ఆ అమ్మాయి మండల ఠాణాలోనే 2022 ఆగస్టులో ఉపా చట్టం (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద 152 మంది పేర్లతో ఒక కేసు నమోదైంది. అందులో పౌరహక్కుల నాయకుడు ఆచార్య హరగోపాల్ పేరు కూడా ఉన్నదన్న సంగతి బయటి లోకానికి తెలిసింది 2023 జూన్‌లో. పత్రికల్లో వచ్చిన తరువాత ముఖ్యమంత్రి ఆదేశించడంతో ఆయన పేరును తొలగిస్తామని పోలీసులు ప్రకటించారు.

నా ప్రశ్న ఇది. భద్రత, స్వేచ్ఛ అనే రెండింటినీ తరాజులో పెట్టి తూచడం అసలు సరైన పోలికేనా? కాకపోతే పదిహేడేళ్ల పిల్లలకు దేనితో కొలవమని చెప్పాలి? ఏదో ఒక పక్షాన్ని నిందించే సమాధానాలు నాకు ఇప్పటికే చాలా తెలుసు కనుక, చట్టం తెలిసినవారు, ఆ రోజులను దగ్గరగా చూసినవారు రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: న్యాయవాది, హనుమకొండ

సారు, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న నేను ముప్పై సంవత్సరాల వృత్తి జీవితంలో అంత సూటిగా వినలేదు. తరాజు పోలికలో ఉన్న లోపాన్ని ఆమె పట్టుకున్నది. అంగడిలో కూరగాయలు కొనేటప్పుడు డబ్బు పోయేదీ కూరగాయలు వచ్చేదీ ఒక్కరికే కనుక తూకం సరిగ్గా ఉందా లేదా అని ఆ ఒక్కరే చూసుకుంటారు. ఇక్కడ అలా కాదు. భద్రత దక్కేది మనందరికీ, స్వేచ్ఛ పోయేది ఎవరో ఒకరికి, ఆ ఒకరు చాలా సందర్భాల్లో మనకు పరిచయం లేని ఊరివాడు, మన కులమో మతమో కానివాడు, వకీలును పెట్టుకోలేనివాడు. ఇతరుల స్వేచ్ఛను ఖర్చుపెట్టి మన భద్రతను కొనుక్కోమంటే ఎవరికైనా ధర తక్కువగానే కనిపిస్తుంది. కాబట్టి నేను వేరే కొలతను వాడతాను: రాజ్యానికి ఒక అధికారం ఇచ్చేటప్పుడు, అది పొరపాటున తప్పు మనిషి మీద పడితే ఆ పొరపాటు ఎన్ని రోజుల్లో తేలుతుంది, దాన్ని దిద్దే బాధ్యత ఎవరిది అని అడుగుతాను. పొరపాటే జరగని చట్టాన్ని ఎవరూ రాయలేరు గాని, దిద్దుబాటుకు పట్టే కాలాన్ని మాత్రం చట్టంలో రాయవచ్చు.

ముందుగా, ఏది దేశ భద్రత అన్నది తేల్చుకోవాలి. ఈ విషయంలో సుప్రీంకోర్టు 1965లోనే ఒక చక్కని బొమ్మ గీసి ఇచ్చింది. డాక్టర్ రామ్ మనోహర్ లోహియాను భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధించినప్పుడు వచ్చిన కేసులో జస్టిస్ హిదయతుల్లా, ఒకే కేంద్రం చుట్టూ మూడు వృత్తాలను ఊహించుకోమన్నారు. అన్నిటికంటే పెద్ద వృత్తం శాంతిభద్రతలు (లా అండ్ ఆర్డర్), దాని లోపలిది ప్రజా వ్యవస్థ (పబ్లిక్ ఆర్డర్), అన్నిటికంటే చిన్నది, లోపలి వృత్తం రాజ్య భద్రత. ఇద్దరు తాగి కొట్టుకుంటే పెద్ద వృత్తంలో అలజడి పుడుతుంది గాని, అది లోపలి వృత్తాలను తాకదు. లోహియాను నిర్బంధించిన ఉత్తర్వులో ప్రజా వ్యవస్థ అని ఉండవలసిన చోట శాంతిభద్రతలు అని రాశారు, ఆ మాట తేడాతోనే ఉత్తర్వు చెల్లలేదు. మీరు నల్లబల్లపై ఈ మూడు వృత్తాలు గీస్తే సగం పాఠం అయిపోతుంది, ఎందుకంటే మన రాష్ట్రంలో జరిగే దుర్వినియోగంలో ఎక్కువ భాగం బయటి వృత్తంలోని చిన్న నేరాన్ని లోపలికి నెట్టడమే.

ఇందుకు మన పీడీ యాక్టే (ముందస్తు నిర్బంధ చట్టమే) సాక్ష్యం. 1986లో సారా వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారులు వంటివారి కోసం తెచ్చిన ఈ చట్టం కింద, ఇంకా చేయని నేరం కోసం మనిషిని 12 నెలల వరకు విచారణ లేకుండా లోపల ఉంచవచ్చు. దీన్ని షేర్ల పెట్టుబడి పేరుతో మోసం చేశాడన్న ఆరోపణ ఉన్న మనిషి మీద వాడితే 2021లో, ఉద్యోగాలిప్పిస్తానని డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణ మీద వాడితే 2022లో, మెడలో గొలుసులు తెంపిన కేసుల మీద వాడితే 2024లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2022 తీర్పులో, గడిచిన ఐదేళ్లలో ఈ చట్టం కింది ఉత్తర్వులను తానే అయిదుకు పైగా రద్దు చేశానని, తెలంగాణ హైకోర్టు ఒక్క సంవత్సరంలోనే కనీసం పదింటిని రద్దు చేసిందని న్యాయస్థానం గుర్తుచేసింది. 2023లో ఇంకా కఠినంగా మందలించింది. ఇక్కడ ప్రజలు గమనించని సంగతి ఒకటున్నది. నిర్బంధం పన్నెండు నెలలు, ఉన్నత న్యాయస్థానాల్లో తీర్పు రావడానికి నెలలు పడుతుంది. ఉత్తర్వు చెల్లదని తేలేసరికి మనిషి దానిని చాలావరకు అనుభవించి ఉంటాడు. బెయిలు వచ్చినవాణ్ణి బయటికి రానీయకుండా చేయడమే ఉత్తర్వు ఉద్దేశమైతే, అది చివరికి ఓడిపోయినా తన పని తాను చేసుకుపోయినట్లే.

ఇక లోపలి వృత్తానికి ఉద్దేశించిన ఉపా చట్టం. 1967లో వచ్చినా, ఉగ్రవాదానికి సంబంధించిన అధ్యాయం అందులో చేరింది 2004లో, అంతకుముందున్న ఉగ్రవాద నిరోధక చట్టం పోటా రద్దయినప్పుడు. 2008లో ముంబై దాడుల తరువాత చేర్చిన 43డి సెక్షన్ వల్ల అభియోగపత్రానికి గడువు 180 రోజుల దాకా పోవచ్చు, మామూలు కేసుల్లో అది 60 లేదా 90 రోజులు. ఆరోపణ పైకి నిజమేనని నమ్మడానికి ఆధారాలున్నాయని న్యాయమూర్తికి అనిపిస్తే బెయిలు ఇవ్వకూడదు. 2019లో వతాలీ కేసు తీర్పు, ఆ దశలో సాక్ష్యాలను లోతుగా పరీక్షించకూడదని కూడా చెప్పింది. అంటే పొరపాటును దిద్దవలసిన మొదటి తలుపునే ఇరుకు చేసినట్లయింది. 2021లో నజీబ్ కేసులో, నిందితుడు ఐదేళ్లకు పైగా జైల్లో ఉండి, ఇంకా 276 మంది సాక్షుల విచారణ మిగిలి ఉన్నప్పుడు, ఎంత కఠినమైన చట్టమైనా ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ హామీ ఇచ్చే 21వ అధికరణాన్ని మింగేయలేదని సుప్రీంకోర్టు బెయిలును సమర్థించింది. మంచి తీర్పే, కానీ ఐదేళ్లు.

న్యాయస్థానాలకు కూడా ఈ కొలత వర్తిస్తుందని పిల్లలకు తప్పక చెప్పండి. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ (నిర్బంధంలోని మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే ఆదేశం) కోరే హక్కు లేదని సుప్రీంకోర్టు నలుగురు ఒక వైపు, జస్టిస్ ఖన్నా ఒక్కరే ఒక వైపుగా తీర్పు చెప్పింది. ఆ అసమ్మతికి మూల్యంగా ఖన్నా ప్రధాన న్యాయమూర్తి పదవిని పోగొట్టుకున్నారు. ఎమర్జెన్సీలోనైనా 20, 21 అధికరణాలను నిలిపివేయడానికి వీల్లేదని 1978 నాటి 44వ సవరణతో పార్లమెంటు త్వరగానే దిద్దుకున్నది. న్యాయస్థానం మాత్రం తన తీర్పు తప్పని స్పష్టంగా ప్రకటించడానికి 2017 ఆగస్టు 24 దాకా, పుట్టస్వామి కేసు దాకా, 41 సంవత్సరాలు తీసుకున్నది.

జవాబు: విశ్రాంత పోలీసు అధికారి, వరంగల్

వకీలు సాబ్ రాసిన చట్టపు వివరాలతో నాకు పేచీ లేదు. ములుగు, ఏటూరునాగారం, మహదేవపూర్ వైపు పనిచేసినవాడిగా, ఆ అబ్బాయి పెద్దబాపు గురించి ఎవరూ జవాబు చెప్పలేదని గమనించి రాస్తున్నాను.

అధ్యాపకుల వారూ, ఆ కానిస్టేబుల్ ఏ పళ్లెంలో ఉన్నాడంటే రెండింటిలోనూ ఉన్నాడని చెప్పండి. భద్రత అనే మాట వినగానే అది ప్రభుత్వానికి కావలసిన వస్తువనీ, స్వేచ్ఛ ప్రజలకు కావలసిన వస్తువనీ అనుకుంటాం. 1990లలో అడవి అంచు ఊళ్లలో సర్పంచ్ ఎన్నికలకు నామినేషన్ వేయడానికి మనుషులు భయపడ్డారు. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి చంపి, శవం పక్కన కాగితం పెట్టి పోయిన హత్యల్లో చనిపోయినవాడికి అప్పీలు ఎక్కడుంది? 1990 అక్టోబరులో చర్లపల్లి వద్ద కాకతీయ ఎక్స్‌ప్రెస్ బోగీకి నిప్పుపెట్టినప్పుడు 40 మందికి పైగా ప్రయాణికులు కాలిపోయారు. శాసనసభ మాజీ స్పీకర్ శ్రీపాదరావు 1999 ఏప్రిల్ 13న తన సొంత నియోజకవర్గంలోనే హత్యకు గురయ్యారు. ఓటు వేయడం, బస్సెక్కడం, తనకు నచ్చిన పార్టీ జెండా ఇంటి మీద కట్టడం కూడా పౌరస్వేచ్ఛలే. వాటిని తుపాకీతో తీసుకుపోయేవాడి నుంచి కాపాడటానికి కూడా రాజ్యం ఉన్నది. ఈ మాట పౌరహక్కుల ఉద్యమంలోనివారు ఎవరూ అనలేదని నేననను. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ ఇదే ప్రశ్నమీద పౌరహక్కుల సంఘంతో విభేదించి 1998లో బయటికి వచ్చారు, ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఇరుపక్షాల హింసనూ ప్రశ్నించి 2004 చర్చలకు దారి వేసింది.

అయితే, మా శాఖలో నేను నేర్చుకున్న ఒక విషయాన్ని దాచడం సరికాదు. మాకు నష్టం చేసింది కఠినమైన చట్టం లేకపోవడం కాదు, నోటిమాట ఆదేశం. పైనుంచి ఫోనులో మాట వస్తుంది, కింద ఎస్సై అమలు చేస్తాడు, కాగితం ఎక్కడా ఉండదు. అంతా సవ్యంగా జరిగితే పేరు పైవాడికి, విచారణ వస్తే బోనులో నిలబడేది ఎస్సై, కానిస్టేబుళ్లు. 1996 డిసెంబరులో డి.కె. బసు తీర్పు వచ్చి, అరెస్టు మెమో రాయాలి, సాక్షి సంతకం తీసుకోవాలి, బంధువుకు తెలపాలి అని చెప్పినప్పుడు నాతోటివారు చాలామంది చేతులు కట్టేశారని విసుక్కున్నారు. నాకు మాత్రం అది కవచంలా కనిపించింది. మెమో రాసే చోట అబద్ధం చెప్పమని నన్ను ఎవరూ అడగలేకపోయారు. రాతపూర్వకమైన ఆదేశం పౌరుడి హక్కు మాత్రమే కాదు, యూనిఫాంలో ఉన్న చిన్న ఉద్యోగి హక్కు కూడా అని మీ తరగతిలోని ఆ అబ్బాయికి చెప్పండి.

ఒక్క చోట మాత్రం వకీలు సాబ్‌తో విభేదిస్తాను. పొరపాటును ఎంత త్వరగా దిద్దగలం అన్నది అరెస్టుకు పనికివచ్చే కొలత. 2007 ఆగస్టు 25న హైదరాబాదులోని లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. ముందే పట్టుకోలేకపోయిన ఆ పొరపాటును ఏ బెంచీ దిద్దగలదు? పేలకముందే పట్టుకోవాలంటే అనుమానం మీదనే పట్టుకోవాలి, అనుమానంలో తప్పులు తప్పవు.

జవాబు: ఉపాధ్యాయురాలు, జగిత్యాల జిల్లా

మా ఊరు అప్పటి జగిత్యాల తాలూకాలోనిది. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారని చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. నేను చెప్పేది ఆ తరువాత, నా చిన్నతనంలోని సంగతి.

మా బాపుకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. రాత్రి అన్నలు వచ్చి బియ్యం, బెల్లం అడిగేవారు, ఇవ్వననే ధైర్యం ఎవరికీ లేదు. తెల్లవారితే పోలీసులు వచ్చి ఎందుకు ఇచ్చావని అడిగేవారు, ఇవ్వలేదని చెప్పే ధైర్యమూ లేదు. ఒకసారి ఆయనను తీసుకుపోయి ఐదు రోజులు ఉంచుకున్నారు. మా అమ్మ ఠాణా ముందు వేపచెట్టు కింద కూర్చుంటే, అటువంటి మనిషి ఇక్కడ లేడని చెప్పి పంపేవారు. ఆరో రోజు ఆయనే నడుచుకుంటూ వచ్చాడు. కేసు లేదు, కాగితం లేదు, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడమూ లేదు. బాపు ఆ ఐదు రోజుల గురించి చనిపోయేదాకా మాతో మాట్లాడలేదు. దుకాణం మాత్రం ఆ సంవత్సరమే తీసివేశాడు.

పోలీసు సారు నోటిమాట ఆదేశం గురించి రాసింది చదివాక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. వకీలు సారు చెప్పిన కొలతతో మా బాపు సంగతిని కొలవాలంటే, ఆ ఐదు రోజులు ఎక్కడా రాసి లేవు కనుక దిద్దుబాటు మొదలు కావడానికే తావు లేదు. దోషిగా రాసి ఉంటే కోర్టుకు పోయేవాళ్లం, నిర్దోషి అని రాసి ఉంటే ఊళ్లో తలెత్తుకునేవాళ్లం. మాకు రెండూ దక్కలేదు.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కరీంనగర్ నుంచి, ప్రస్తుతం హైదరాబాదు

అక్క రాసిన 'ఎక్కడా రాసి లేవు' అన్న మాట ఈ కాలపు నిఘాకు కూడా అలాగే వర్తిస్తుంది. ఠాణాలో పెట్టిన మనిషికి కనీసం తనను పెట్టారని తెలుసు. ఫోను విన్న సంగతి విన్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

చట్టంలో పద్ధతి లేక కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఫోన్లు వినడం గురించి పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, హోం కార్యదర్శి స్థాయి అధికారి రాతపూర్వకంగా ఆదేశించాలని, ఉన్నతాధికారుల సమీక్షా సంఘం రెండు నెలల్లో చూడాలని చెప్పింది. ఆ తరువాత వచ్చిన నియమాలు ఒక ఆదేశానికి 60 రోజులు, మొత్తం మీద 180 రోజులు గడువు పెట్టాయి. కానీ ఆదేశించేదీ ప్రభుత్వ అధికారులే, సమీక్షించేదీ ప్రభుత్వ అధికారులే. నిఘా ముగిసిన తరువాతైనా ఆ పౌరుడికి చెప్పాలన్న నియమం లేదు. మన రాష్ట్రంలో మావోయిస్టుల సమాచారం కోసం ఏర్పడిన ప్రత్యేక నిఘా విభాగంలోనే రాజకీయ ప్రత్యర్థుల, పాత్రికేయుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన సమయంలో హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని ఆరోపిస్తూ 2024 మార్చిలో కేసు నమోదైంది. అవి ఇంకా ఆరోపణలే, నిజమేమిటో తేల్చవలసింది న్యాయస్థానం. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ప్రభుత్వం మారకపోయి ఉంటే ఆ ఆరోపణలు బయటికి వచ్చే దారి ఏది?

కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేతపై 2020 జనవరి 10న వచ్చిన అనురాధా భసీన్ తీర్పు నాకు ఈ విషయంలో మెరుగనిపిస్తుంది. ఉత్తర్వులను ప్రచురించాలని, నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని, ఏడు పని దినాలకోసారి సమీక్షించాలని అందులో ఉన్నది. ప్రచురించిన ఉత్తర్వును సవాలు చేయవచ్చు.

తిరిగి న్యాయవాది, హనుమకొండ

పోలీసు అధికారి గారి ఆక్షేపణ బలమైనది, దాన్ని దాటవేయను. పేలకముందే పట్టుకోవాలంటే అనుమానం మీద పట్టుకోవలసి వస్తుందన్నది నిజం, కనుక మొదటి రోజున పోలీసుకు విశాలమైన అధికారం ఉండటాన్ని నేను వ్యతిరేకించడం లేదు. నేను అడిగేది పదో రోజు గురించి, నూరో రోజు గురించి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత హైదరాబాదులో పలువురు ముస్లిం యువకులను పట్టుకున్నారు, కోర్టులు వారిని నిర్దోషులని విడుదల చేశాయి. ప్రభుత్వం కొందరికి పరిహారం కూడా ఇచ్చింది, ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసింది. తప్పుగా జైలుకు పోయినవాడికి పరిహారం ఇవ్వడానికి మన దగ్గర స్థిరమైన చట్టం లేకపోవడం వల్లనే అది ప్రభుత్వ దయాదాక్షిణ్యాల మీద నడిచింది. తప్పు మనిషిని పట్టుకుని కూర్చున్న ప్రతి నెలా అసలు మనిషి బయట తిరిగిన నెలే కనుక, త్వరగా దిద్దుకోవడం భద్రతకు అవసరమైన పని అని కూడా నా ఉద్దేశం.

అసలు దిద్దడానికే వీలులేని పొరపాటు రాజ్యం వైపు నుంచి కూడా ఉంది. 2015 ఏప్రిల్ 7న వరంగల్ కేంద్ర కారాగారం నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు, వారి చేతులకు బేడీలున్న ఫొటోలు లోకమంతా చూసింది. వారిలో ముఖ్యుడి మీద పోలీసులను చంపిన ఆరోపణలు ఉన్నాయి, అవి రుజువై ఉంటే చట్టం అత్యంత కఠినమైన శిక్ష వేసి ఉండేది. రుజువయ్యాయో లేదో ఇక ఎప్పటికీ తేలదు. 2014 సెప్టెంబరులో ఎన్‌కౌంటర్లపై సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చి, ప్రతి చావుపై స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అని చెప్పిన ఏడు నెలలకే ఇది జరిగింది. మందుపాతర వేసినవాడూ ఇక్కడ తుపాకీ పేల్చినవాడూ తీసుకున్నది ఒకటే, అప్పీలు.

తిరిగి అధ్యాపకుడు, హనుమకొండ

మీ అందరికీ కృతజ్ఞతలు. జగిత్యాల మేడమ్ గారూ, మీ అనుమతి ఉంటే ఊరి పేరు లేకుండా మీ నాన్నగారి సంగతి తరగతిలో చదువుతాను. వకీలు సారు, ఒక చివరి సందేహం. పిల్లలు తప్పక అడుగుతారు: దిద్దుబాటుకు పట్టే కాలమే కొలత అయితే, ఆ కాలాన్ని తగ్గించడానికి ఇప్పటికిప్పుడు, కొత్త చట్టం రాయకుండా, చేయగలిగినది ఏదైనా ఉన్నదా?

ఉపాధ్యాయురాలు, జగిత్యాల జిల్లా

చదవండి సార్. అమ్మ కూర్చున్న వేపచెట్టు సంగతి మాత్రం వదిలిపెట్టకండి.

న్యాయవాది, హనుమకొండ

ఉన్నది సారు, నలభై ఏళ్లకు పైబడి ఎదురుచూస్తున్నది. ముందస్తు నిర్బంధంలో ఉన్న మనిషికి 22వ అధికరణం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు వెళ్లే హక్కు లేదు, వకీలును పెట్టుకునే హక్కూ లేదు. నిర్బంధానికి తగిన కారణం ఉందా అని చూసే సలహా మండలి చూడకుండానే మూడు నెలల దాకా ఉంచవచ్చు. ఆ మండలిలో హైకోర్టు న్యాయమూర్తి అయ్యే అర్హత ఉన్నవారు ఎవరైనా కూర్చోవచ్చు. ఎమర్జెన్సీ అనుభవంతో 44వ సవరణలోని 3వ సెక్షన్, ఈ మూడు నెలలను రెండు నెలలు చేసి, మండలికి పదవిలో ఉన్న హైకోర్టు న్యాయమూర్తే అధ్యక్షత వహించాలని, సభ్యులను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీద నియమించాలని చెప్పింది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం చేశారు. ఎప్పటినుంచి అమలు చేయాలో తేదీ ప్రకటించే పనిని కేంద్ర ప్రభుత్వానికి వదిలారు, ఏ పార్టీ ప్రభుత్వమూ ఇంతవరకు ఆ తేదీని ప్రకటించలేదు. జాతీయ భద్రతా చట్టంపై ఎ.కె. రాయ్ వేసిన కేసులో, తేదీ ప్రకటించమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమని సుప్రీంకోర్టు చెప్పి ఊరుకున్నది. అంటే కావలసింది చట్టం కాదు, ఒక నోటిఫికేషన్.

కేంద్ర ప్రభుత్వం ముద్రించే రాజ్యాంగ ప్రతిని తరగతికి తీసుకుపోండి. 22వ అధికరణం ఉన్న పేజీలో, అడుగున చిన్న అక్షరాల్లో, అమలుకు రాని ఆ పాఠమంతా ఉంటుంది. తాడ్వాయి అమ్మాయి చేత పైనున్నదీ, కిందున్నదీ రెండూ చదివించండి.